వన్యప్రాంత ప్రథమ చికిత్స శిక్షణ

వన్యప్రాంత ప్రథమ చికిత్స శిక్షణ అనగా ఆసుపత్రులకు దూరంగా ఉన్న అడవులు, కొండలు, మంచు ప్రదేశాలలో గాయపడినవారిని, జబ్బుపడినవారిని కాపాడుటకు ఇచ్చే శిక్షణ. పర్వతారోహణ, కాలినడక యాత్రలు, పడవ ప్రయాణాలు నేర్పే శిక్షకులకు ఇది ముఖ్యమైన అర్హత. సాధారణంగా వైద్య సహాయం అందడానికి ఒక గంటకు మించి పట్టే చోటును వన్యప్రాంతంగా లెక్కిస్తారు.

సాధారణ ప్రథమ చికిత్సతో భేదం

పట్టణంలో ప్రథమ చికిత్స చేసేవారి బాధ్యత అంబులెన్సు వచ్చేవరకే. అడవిలో అదే బాధ్యత గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి ఉంటుంది. రోగిని రాత్రంతా వెచ్చగా ఉంచడం, గాయం చీము పట్టకుండా కడగడం, నీరు, ఆహారం చూడడం కూడా శిక్షకుని పనే. అన్నిటికంటె కష్టమైనది నిర్ణయం తీసుకోవడం. రోగిని నడిపించవచ్చునా, మోసుకురావాలా, కదపకుండా ఉంచి కబురు పంపాలా అన్నది అతడే తేల్చాలి. తొందరపడితే మోసేవారికీ ప్రమాదమే. ఆలస్యం చేస్తే రోగి ప్రాణానికి ముప్పు.

చరిత్ర

ఈ శిక్షణ ప్రస్తుత రూపంలో అమెరికాలో 1970లలో మొదలైంది. 1983లో అక్కడి వైద్యులు వైల్డర్‌నెస్ మెడికల్ సొసైటీని స్థాపించారు. 1990లో ఏర్పడిన వైల్డర్‌నెస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్, 1999లో నోల్స్ అనే బహిరంగ విద్యా సంస్థలో భాగమైంది. నోల్స్‌ను 1965లో పాల్ పెట్జోల్ట్ అనే పర్వతారోహకుడు స్థాపించాడు.

శిక్షణ స్థాయిలు

ప్రాథమిక శిక్షణ సుమారు 16 గంటలు, అనగా రెండు రోజులు. యాత్రలకు నాయకత్వం వహించే శిక్షకులకు సాధారణంగా 70 నుండి 80 గంటల "వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్" శిక్షణ ఇస్తారు. ఆరుబయట, కల్పిత ప్రమాదాలతో అభ్యాసం చేయిస్తారు. యోగ్యతాపత్రం రెండు లేక మూడు సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత మరల శిక్షణ పొందాలి.

ముఖ్య పాఠ్యాంశాలు

* పరిశీలన: మొదట ఆ స్థలం క్షేమమేనా అని చూడాలి. పిదప శ్వాస, రక్తస్రావం, స్పృహ, వెన్నెముక పరీక్షించి, నాడిని మాటిమాటికీ లెక్కించి, సమయంతో సహా వ్రాసిపెట్టాలి.
* అతిశీతలం: శరీర అంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్న తగ్గితే ప్రమాదం. తడిబట్టలు తీసివేసి, నేలచలి తగలకుండా పడుకోబెట్టాలి.
* ఎత్తు ప్రదేశాల జబ్బు: సాధారణంగా 2,500 మీటర్ల పైన వస్తుంది. తడబడి నడుస్తున్నా, విశ్రాంతిలో కూడా ఆయాసపడుతున్నా వెంటనే క్రిందికి దించాలి. ఉదయం వరకు ఆగడం ప్రాణాంతకం కావచ్చు.
* పాముకాటు: కాటువేసినచోట కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

పరిమితులు

ఈ శిక్షణ వలన శిక్షకుడు వైద్యుడు కాడు. ఉపయోగించని నైపుణ్యం కొద్ది నెలలలోనే మరపునకు వస్తుంది. కావున యాత్రకు ముందే సభ్యుల జబ్బులు, మందులు తెలుసుకోవడం, తిరుగు మార్గం, కబురు పంపే విధానం నిర్ణయించుకోవడం కూడా శిక్షణలో భాగమే.

ఇవి కూడా చూడండి

* ప్రథమ చికిత్స
* పర్వతారోహణ
* పాముకాటు