బెంగుళూరు గృహములు: మరమ్మతులు, విలువలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. బెంగుళూరు వాసులమగు మనము దానికి "ఇల్లు అమ్మి చూడు" అను మూడవ మాటను గూడ చేర్చుకొనవలసి యున్నది. ఉద్యోగ విరమణానంతరము చేతికి వచ్చిన గ్రాట్యుటీని, భవిష్యనిధిని పాత యింటిపై వెచ్చించి, అమ్మునాడు ఆ సొమ్ము రెండింతలై తిరిగి వచ్చునని నమ్ముకొన్న గృహస్థులు మన తెలుగు కుటుంబములలో పెక్కుమంది కలరు. ఏ మరమ్మతు ఇంటి విలువను పెంచును? ఏది పెంచదు? ఈ ప్రశ్నకు మన నగర చరిత్రలోనే సమాధానము కలదు.

1537వ సంవత్సరమున కెంపేగౌడ ప్రభువు నెలకొల్పిన పేటలో ఇండ్లు ఒకదాని గోడ నొకటి ఆనుకొని యుండెడివి. కన్నడిగుల తొట్టి మనెయు, మన మండువా లోగిలియు ఇంచుమించు ఒక్కటే: నడుమ ఆకాశము, చుట్టును వసారా. జనము పెరిగినకొలది పేట యిరుకయ్యెను. 1898 ఆగష్టులో ప్లేగు ప్రవేశించి వేలమందిని బలిగొనెను. దాని ఫలితముగనే బసవనగుడి, మల్లేశ్వరము అను క్రొత్త పేటలు వెలసెను. తిన్నని వీధులు, ఇంటి వెనుక పారిశుధ్యమునకై విడిచిన సందు, ఇంటి చుట్టును ఖాళీ స్థలము వాని లక్షణములు. అప్పటినుండి కొనువాడు మొదట చూచునది గాలి, వెలుతురు. చీకటి గదికి కిటికీ పెట్టించుట ఆనాడు అలంకారము కాదు, ప్రాణరక్షణము.

తరువాత నీరు, దీపము వచ్చెను. 1890 దశకమున హెసరఘట్ట చెరువునుండి, 1933లో తిప్పగొండనహళ్ళినుండి, 1974లో కావేరినుండి నగరమునకు నీరు చేరెను. శివసముద్రమున పుట్టిన విద్యుత్తు 1905లో ఇచ్చటి వీధులను వెలిగించెను. కుళాయి యున్న ఇల్లు, తీగలు లాగిన ఇల్లు సహజముగనే ముందుకు వచ్చెను. కావున ఆయా కాలమున నగరమున కేది కొరతయో, దానిని తీర్చిన మరమ్మతునకే విలువ దక్కినది. ఇది మొదటి పాఠము.

రెండవ పాఠము ఇంటి కట్టడమునకు సంబంధించినది. ఆనాటి బంగళాలు రాయి, ఇటుక, సున్నములతో కట్టినవి. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరున ప్రారంభించిన కర్మాగారముతో ప్రసిద్ధి కెక్కిన పెంకులు కొన్నిటికి కప్పు; టేకు దూలములపై ఇటుకలు నిలువున పేర్చి సున్నముతో దట్టించిన మద్రాసు మిద్దె మరికొన్నిటికి కప్పు. క్రింద నున్నని ఎర్ర గచ్చు. వంటింటి గూళ్ళలో మన కడప నల్లరాయి. సున్నపు గోడ తేమను పీల్చి మరల వదలును. దానిపై సిమెంటు పూత పూసినచో తేమ లోపలనే చిక్కువడి, రెండు వానకాలములలో రంగు పొరలు పొరలుగా రాలును. సున్నపు గోడకు సున్నపు పూతయే తగినది. పాత యింటి స్వభావ మెరుగక చేసిన మరమ్మతు ధనవ్యయమే కాదు, ఇంటికి హానియు.

మూడవ పాఠము స్థలమునకు సంబంధించినది. 1945లో నగరాభివృద్ధి ట్రస్టు బోర్డు ఏర్పడెను. 1948లో జయనగరమునకు శంకుస్థాపన జరిగెను. 1976లో బెంగుళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ వచ్చెను. ముప్పది నలుబది, నలుబది అరువది అడుగుల నివేశనములు మధ్యతరగతివారి కలలయ్యెను. నగరము పెరిగినకొలది భూమి ధర పెరిగినది, కట్టడము మాత్రము ఏటేట వయసు మీరినది. రిజిస్ట్రేషను లెక్కలలో సైతము భూమికి వేరుగను, కట్టడమునకు దాని వయసునుబట్టి తరుగు తీసి వేరుగను విలువ కట్టుదురు. పాత పేటలలో కొనువారనేకులు ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపుటకే కొనుచున్నారు. అట్టివానికి మన చలువరాతి నేలయు, చెక్కిన తలుపులును శిథిలములే.

కనుక ప్రణాళిక వేయుటకు ముందు, రాబోవువాడు నివసించుటకు వచ్చునా, పడగొట్టుటకు వచ్చునా అని విచారించుకొనవలెను. పడగొట్టువానికొరకు కాసైనను వ్యయము చేయరాదు. నివసించువానికొరకైనచో ఒక వరుస పాటింపవలెను. మొదట కప్పు కారుట, గోడల చెమ్మ, పిదప విద్యుత్తు తీగలు, గొట్టములు, అటుపిమ్మట వంటిల్లు, స్నానపు గది, కట్టకడపట రంగులు. చాలమంది ఈ వరుసను తలక్రిందులు చేసి రంగులతో మొదలిడుదురు. 2024 వేసవిలో నగరమున వేలకొలది గొట్టపుబావు లెండిపోయినది మొదలు, కొనువాడు మరల నీటి మాటయే అడుగుచున్నాడు. పెద్ద నివేశనములలో వాననీటిని పట్టుకొనవలెనని 2009లోనే చట్టము వచ్చెను. తొట్టి, వడపోత, ఇంకుడు గుంతలకు పెట్టిన ఖర్చు నేటి కొరతను తీర్చునది.

ఇక కాగితముల మాట. గుమాస్తాగా నా జీవితమంతయు దస్త్రముల నడుమ గడచినది గావున దీనిని నొక్కి చెప్పుచున్నాను. మంజూరైన నక్షాను మీరి, చుట్టును వదలవలసిన జాగాను ఆక్రమించి లేపిన గది విలువను పెంచదు, తగ్గించును. అట్టి కట్టడములను రుసుము గొని క్రమబద్ధము చేయుటకు రాష్ట్ర ప్రభుత్వము తెచ్చిన అక్రమ-సక్రమ పథకమును 2017 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసెను. నక్షా లేని అంతస్తును చూచి బ్యాంకు అప్పిచ్చుటకు వెనుదీయును. 2024నుండి నగరమున క్రయపత్రముల రిజిస్ట్రేషనునకు ఈ-ఖాతా కావలసి వచ్చెను. ఖాతా, పన్ను రసీదులు, ఋణభార పత్రము, మంజూరు నక్షా సరిచేసి యుంచుకొనుటకంటె చవకయైన మరమ్మతు లేదు. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెను. తండ్రి పేరనే నిలిచిపోయిన ఖాతాకై సోదరులు కార్యాలయముల చుట్టు తిరుగుట మనము నిత్యము చూచుచున్నదే.

1914లో మన దేశమునకు వచ్చి, మద్రాసు రాజధానిలోని పట్టణములను పరిశీలించిన పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లండు పండితుడు, పాత పేటలను కూల్చుటకు మారుగా అవసరమైనంతమేరకే తొలగించి తక్కినదానిని బాగుచేయు పద్ధతిని బోధించెను. ఆ వివేకము పట్టణములకే కాదు, ఒక్కొక్క యింటికిని వర్తించును. మనము ఇంకను పదేండ్లు ఈ యింట కాపురముండిన ఏది మనకు సుఖమునిచ్చునో, రేపు వచ్చు గృహస్థునకును తరచుగా అదియే కావలసినది. కారని కప్పు, ఎండని తొట్టి, చెమ్మ లేని గోడ, చిక్కు లేని ఖాతా: ఈ నాలుగును అమరిన ఇల్లు అమ్మిననాడు ధర పలుకును, అమ్మకున్నచో పిల్లలకు నీడ యగును.