మూడక్షరాలు, వందల అర్థాలు

సూర్యుడు అస్తమిస్తే ఇంగ్లీషులో 'సెట్'. జెల్లీ గడ్డకట్టినా సెట్టే. విరిగిన ఎముకను డాక్టరు సరిచేసి కూర్చినా, కంసాలి ఉంగరంలో రాయి పొదిగినా, అచ్చాఫీసులో అక్షరాలు పేర్చినా, అలారానికి టైము పెట్టినా అదే మాట. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో ఈ ఒక్క క్రియకు 430 అర్థాలు చూపించారు. వాటిని వివరించడానికి 60 వేల పదాలు పట్టాయి. అంటే ఒక నవలంత.

ఇంగ్లీషు నిఘంటువుల్లో లోపాలున్నాయని 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో రిచర్డ్ ట్రెంచ్ ఉపన్యసించాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీగా రూపుదిద్దుకున్న కొత్త నిఘంటువు ఆలోచన అక్కడ ఊపందుకుంది. పద్ధతి ఒక్కటే: పండితుడు కూర్చుని అర్థం చెప్పకూడదు. జనం ఆ మాటను ఎప్పుడు, ఎలా వాడారో పుస్తకాల్లోంచి తేదీతో సహా చూపించాలి. ఇందుకోసం పాఠకులే స్వచ్ఛందంగా చదివి, ఒక్కో వాక్యాన్ని ఒక్కో చీటీ మీద రాసి పంపారు.

1879లో సంపాదకత్వం చేపట్టిన జేమ్స్ మర్రే స్కూలు మాస్టారు. అప్పటికి పోగైన చీటీలు దాదాపు రెండు టన్నులు ఆయన చేతికొచ్చాయి. ఒక బస్తాలో చచ్చిన ఎలుక కనిపించింది. వాటిని సర్దడానికి మిల్ హిల్‌లోని ఇంటి దగ్గర ఇనుప రేకుల షెడ్డు వేయించి, గోడల నిండా చిన్న చిన్న అరలు పెట్టించాడు.

తీరా చూస్తే చీటీల్లో పెద్ద లోపం. పాఠకులు వింత పదాలనే ఏరి పంపారు. ఎవరూ వాడని 'అబ్యూజన్'కు యాభై దాకా ఉదాహరణలుంటే, నిత్యం వాడే 'అబ్యూజ్'కు ఐదు కూడా లేవు. రోజూ నోట్లో నానే మాట ఎవరి కంటికీ ఆనలేదు. దాంతో మామూలు మాటలకూ ఉదాహరణలు రాసి పంపండని మర్రే పాఠకులను వేడుకోవాల్సి వచ్చింది.

నిఘంటువు 1928లో పూర్తయింది. మర్రే అప్పటికి పదమూడేళ్ల కిందటే కన్నుమూశాడు. అందులో 4,14,825 పదాలకు, 18 లక్షలకు పైగా ఉదాహరణలున్నాయి.

'సెట్'కు ఇన్ని అర్థాలు ఎక్కడినుంచి వచ్చాయి? క్రియగా 'సెట్' పుట్టుక 'సిట్' నుంచి. కూర్చోబెట్టడం దాని అసలు పని. అక్కడినుంచి ఉంచడం, అమర్చడం, స్థిరపరచడం ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి. గుంపు అనే అర్థంలోని నామవాచకానిది వేరే దారి. అది లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి ఇందులో కలిసిపోయింది. తర్వాత అర్థాల లెక్కలో 'రన్' అనే క్రియ 'సెట్'ను దాటేసింది. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ సంపాదకుడు పీటర్ గిలివర్ తొమ్మిది నెలలు దాంతోనే గడిపి 645 అర్థాలు తేల్చాడు. మనిషి పరుగుతో మొదలైన మాట రైలుకు, మిల్లుకు, గడియారానికి, చివరికి కంప్యూటర్ ప్రోగ్రాముకూ పాకింది. బతుకులోకి కొత్త పని వచ్చినప్పుడు జనం కొత్త మాట కోసం ఆగలేదు. చేతిలో ఉన్న చిన్న మాటనే దానికీ వాడుకున్నారు.

మన 'పట్టు'దీ ఇదే కథ. నిద్ర పడుతుంది, తుప్పు పడుతుంది, ముసురు పడుతుంది, పని పూర్తవడానికి నెల పడుతుంది. దారి పడతాం, మొండిపట్టూ పడతాం. ఎవరు, ఏ శతాబ్దంలో, ఏ ఊళ్లో ఏ అర్థంలో వాడారో వరసగా చూపించే చరిత్ర దీనికీ కావాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశం కోసం ఊళ్లకు వెళ్లి రైతుల నోటి మాటలు సేకరించారు. నాగలి భాగాల పేర్ల మీద చూపిన ఆ శ్రద్ధే పట్టు, పెట్టు, పోవు లాంటి క్రియల మీదా చూపించాలి. శాసనాలు, తాళపత్రాలు, పాత పత్రికలు, సంతలో మాటలు - అన్నిటినీ జల్లెడ పట్టాలి. అదంతా ఒక్కరివల్ల అయ్యే పని కాదు. చదివేవాళ్లు చీటీలు రాస్తేనే ఇంగ్లీషుకు అది సాధ్యమైంది, తెలుగుకైనా అంతే.