జీఎల్-4, జీఎల్-5: అంకె పెద్దదైతే ఆయిల్ మంచిదా?

గేర్ ఆయిల్ కొనేటప్పుడు మనలో చాలామంది అనే మాట ఒకటుంది: "నాలుగెందుకయ్యా, అయిదుంటే అదే ఇవ్వు." డబ్బులిచ్చి గేర్‌బాక్స్‌కి చేటు తెచ్చుకునే మాట అది. ఈ 4, 5 అనేవి మార్కులు కావు. అవి ఎక్కడ పుట్టాయో తెలిస్తే డబ్బా ఎంచుకోవడం తేలిక.

మొదట్లో మోటారు బండ్ల గేర్లలో మందులేమీ కలపని చిక్కటి నూనె పోసేవాళ్లు. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ కార్ల వెనక యాక్సిల్‌లో హైపాయిడ్ గేర్లు పెట్టింది. అంటే క్రౌన్‌కి సరిగ్గా మధ్యలో ఉండే పినియన్‌ని కిందికి దించారు. దాంతో షాఫ్టు దిగింది, కారు ఎత్తు తగ్గింది. కానీ పళ్లు ఒకదాన్నొకటి గట్టిగా రాసుకుంటూ జారడం ఎక్కువైంది. ఆ ఒత్తిడికి నూనె పొర తెగిపోయి ఇనుము ఇనుముకి తగిలేది. అందుకని నూనెలో గంధకం, క్లోరిన్, సీసం లాంటివి కలిపారు, తర్వాత గంధకం-భాస్వరం జోడీ వచ్చింది. వేడికి ఇవి పంటి ఉక్కుతో కలిసి పలచటి పొర కడతాయి. నూనె పొర తెగినచోట పంటిని కాపాడేది అదే. (తిమింగలం నూనె కూడా చాలా ఏళ్లు గేర్ ఆయిళ్లలో పడింది. 1970లో అమెరికా స్పెర్మ్ తిమింగలాలను అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చాకే బదులు రసాయనాలు వెతుక్కున్నారు!)

చిక్కు వచ్చింది 1928లో. క్యాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ గేర్‌బాక్స్ తెచ్చింది. గేరు పడేముందు ఒక రింగు రాపిడితో పట్టుకుని రెండువైపులా వేగం కలుపుతుంది. నూనె మరీ జారుడుగా ఉంటే ఆ రింగు పట్టు తప్పుతుంది, గేరు గరగరమంటది. పైగా చాలా బండ్లలో ఈ రింగులు ఇత్తడివి. ఇత్తడిలో ఉన్నది రాగి, వేడి మీద గంధకం రాగిని తినేస్తది. అందుకే గేర్ ఆయిల్‌కి రాగి పట్టీ పరీక్ష పెడతారు: పట్టీని 121 డిగ్రీల నూనెలో 3 గంటలు ఉంచి ఎంత నల్లబడిందో చూస్తారు.

అంటే ఒకే బండిలో వెనక క్రౌన్‌కి మందు ఎక్కువ కావాలి, ముందున్న గేర్‌బాక్స్‌కి తక్కువ చాలు. జీఎల్-5 బరువు పడే హైపాయిడ్ గేర్ల కోసం వచ్చింది. అందులో మందు జీఎల్-4కి ఇంచుమించు రెట్టింపు. పురుగుమందు డోసు లెక్కే అనుకోండి. రాగికి హాని చేయని జీఎల్-5లు కూడా ఇప్పుడున్నాయి, కానీ బండి పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 పోయడమే నయం. జీఎల్-5 అని ఉంటే అదే పోయండి.

80డబ్ల్యూ-90 అన్నది వేరే సంగతి, అది చిక్కదనం. గేర్ ఆయిల్ 90 చూసి ఇంజన్ ఆయిల్ 40కి రెట్టింపు చిక్కన అనుకోకండి, రెండిటి కొలతలు వేరు.

ట్రాక్టర్ సంగతి ఇంకోటి. ఆయిల్ బ్రేకులున్న చాలా బండ్లలో గేర్లు, హైడ్రాలిక్స్, బ్రేకు ప్లేట్లు అన్నిటికీ ఒకటే ఆయిల్. వాటికి యూటీటీఓ అనే ఆయిల్ ఉంటుంది. అందులో మామూలు జీఎల్-5 పోశారంటే బ్రేకు పట్టు తప్పుతుంది. లోడు ట్రాలీతో చెరువు కట్ట దిగేవాళ్లు డబ్బా మీద ఆ నాలుగు అక్షరాలు చూశాకే మూత తీయండి.