తెర మీది మాలపిల్ల, తెర ముందు మనం

పులికాట్ దగ్గర, సూళ్లూరుపేట పక్కన 2019లో పెద్ద సినిమాహాలు వెలిసింది. తెర వెడల్పే నూరడుగుల పైచిలుకు. తెర పెద్దదయింది సరే, దాన్ని చదవడం మనకెవరు నేర్పారు? మా యింట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు. అక్షరం కోసం మనవాళ్లు కొట్లాడారు. బొమ్మను చదవడం కూడా చదువేనని నాకు అక్కడికి పోయాకే తెలిసింది.

1938 నాటి ‘మాలపిల్ల’ను తీసుకుందాం. గూడవల్లి రామబ్రహ్మం తీశాడు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, చల్లపల్లి జమీందారు పెట్టుబడి. మాలపిల్లగా కాంచనమాల వేసింది. మాలవాడలో పుట్టిన పిల్ల కాదు. అభ్యుదయ చిత్రమన్నారు. కాదనం, ఆనాడు ఆ పేరు పెట్టడమే సాహసం. కానీ కథ ఎట్లా తేలుతుంది? గుడి పెత్తనం చేసే బ్రాహ్మడి యిల్లు తగలబడుతుంది. ఆయన భార్యను ఒక హరిజనుడు కాపాడతాడు. అప్పుడాయన మనసు మారుతుంది, గుడి తలుపు తెరుచుకుంటుంది. అంటే హక్కు కాస్తా సేవకు దక్కిన బహుమానమైపోయింది. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగిన అంబేద్కర్ ఎవరి మనసూ మారేదాకా ఆగలేదు. సినిమా రాకముందే, 1935లో యేవలాలో, హిందువుగా చావనని చెప్పేశాడు కూడా. చరిత్ర ఒకచోట వుంటే తెర మరోచోట వుంది.

మరుసటేడు, 1939లో, అదే రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీస్తే వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు అడ్డం తిరిగారు. వెంకటగిరి మాకు దూరమేం కాదు. బొమ్మకెంత బలముందో దొరలకు ముందే తెలుసు. తెలియనిది మనకే.

బొమ్మ చూపించేదాన్నే కాదు, వదిలేసేదాన్నీ చదవాలి. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి. లేచింది. అప్పట్నుంచి రాకెట్టు బొమ్మను దేశమంతా చూస్తానే వుంది. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు ఆ చట్రంలో ఎక్కడ? కెమెరా ఎవరి చేతిలో వుంది, ఎవరి భుజం మీంచి చూస్తోంది, ఎవర్ని అంచు బయటికి నెట్టింది? ఈ ప్రశ్నలు అడగడమే సినిమా చదువు.

ఎస్.వి. శ్రీనివాస్ ‘మెగాస్టార్’ (2009) లాంటి పరిశోధనలు తెలుగు సినిమాను, దాని అభిమానుల్ని చరిత్రగా చదవొచ్చని చూపాయి. కానీ అది ఇంగ్లీషులో వుంది. తిరుపతిలో మన పిల్లకాయలు చదివే తెలుగు, చరిత్ర తరగతుల్లోకి సినిమా పాఠంగా రావాలి. ఉద్యోగం కోసం కెమెరా నేర్పితే చాలదు. నేలటిక్కెట్టు కొని ఈలేసిన మనం, పెన్నూ కాగితం పట్టుకుని మళ్లా అదే తెర ముందు కూచోవాలి.