అల్లుడు దేవుడు, హీరోయిన్ చెంచులక్ష్మి: మరి కెమెరా ఎవరి చేతిలో?

ఈ ఎపిసోడ్‌లో మీరు ఒక్క సంవత్సరం గుర్తుపెట్టుకుంటే చాలు. 1943.

ఆ ఒక్క ఏడాదిలో మన నల్లమల చెంచుల పేరు మీద రెండు బయటికొచ్చాయి. ఒకటి సినిమా. తమిళనాడు టాకీస్ సౌందరరాజన్ తీసిన 'చెంచులక్ష్మి'. నారాయణరావు హీరో, కమలా కోట్నీస్ హీరోయిన్. రెండోది పుస్తకం. లండన్‌లో మాక్మిలన్ వాళ్లు వేసిన 'ద చెంచూస్'. రాసింది క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే వియన్నా మనిషి. సినిమా చూసినోళ్లు ఆ పుస్తకం చదివి ఉండరు, పుస్తకం చదివినోళ్లు ఆ సినిమా చూసి ఉండరు. రెండింటిలోనూ చెంచులే ఉన్నారు. కానీ రెండూ పక్కపక్కన పెడితే, ఇద్దరు వేరే వేరే మనుషుల గురించి చెప్తున్నట్టు ఉంటుంది.

ఎందుకట్లా? అదే ఈరోజు టాపిక్. దీనికోసం కొంచెం దూరం పోవాలి, పసిఫిక్ సముద్రం దాకా. కంగారు పడకండి, మళ్లీ అహోబిలానికే వస్తాం.

పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, వనువాటు, న్యూ కలెడోనియా, ఫిజీ. వీటన్నిటినీ కలిపి మెలనేసియా అంటారు. ఫిజీ పేరు మనవాళ్లకు కొత్తేం కాదు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరుకు తోటల కూలికి పోయినవాళ్లలో తెలుగోళ్లు కూడా ఉన్నారు. సరే, సినిమా సంగతికి వద్దాం. 1898లో కేంబ్రిడ్జి నుంచి హాడన్ అనే ప్రొఫెసర్ ఒక టీమ్‌ను వేసుకుని, న్యూగినీకీ ఆస్ట్రేలియాకీ మధ్య ఉన్న టారెస్ జలసంధి దీవులకు పోయాడు. వెంట సినిమా కెమెరా కూడా తీసుకుపోయాడు. సినిమా పుట్టి అప్పటికి మూడేళ్లే! ఒక జాతి జీవితాన్ని వాళ్ల ఊరికే పోయి ఫిల్మ్ మీద పట్టిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఇప్పుడు మిగిలింది నాలుగు నిమిషాలు మాత్రమే.

ఆ నాలుగు నిమిషాల్లో ఒక విషయం ఉంది. మెర్ దీవి మనుషులు పవిత్రమైన ముసుగులు పెట్టుకుని నాట్యం చేస్తుంటారు. కానీ ఆ ముసుగులు అసలువి కాదు. మిషనరీలు వచ్చాక ఆ పూజ ఆగిపోయింది, పాత ముసుగులు పోయాయి. అందుకని హాడన్ కోసం అట్టతో కొత్తవి చేసి, మళ్లీ ఆడి చూపించారు. అంటే 'ఉన్నది ఉన్నట్టు' అని మనం అనుకునే రికార్డింగ్ కూడా మొదటి రోజు నుంచే కొంత యాక్టింగ్. అలాగని అది అబద్ధం కూడా కాదు. ఆడినవాళ్లు ఆ ఊరివాళ్లే, ఆట కూడా వాళ్లదే.

హాడన్ టీమ్‌లో రివర్స్ అనే డాక్టర్ ఉండేవాడు. ఆయన ఆ తర్వాత 1901-02లో మన దక్షిణానికే వచ్చి నీలగిరుల్లో తోడాల మీద పనిచేశాడు. ఇంకో పేరు మలినోవ్‌స్కీ. మెలనేసియాలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్ల తరబడి ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, 1922లో పెద్ద పుస్తకం రాశాడు. జనం మధ్యే బతికి రాయాలి అనే పద్ధతికి ఆయన్నే గురువుగా చెప్తారు. ఆ మలినోవ్‌స్కీ దగ్గర లండన్‌లో కూర్చుని పాఠాలు విన్నవాడే మన హైమెండార్ఫ్. చూశారా, లింక్ ఎట్లా కలిసిందో! ట్రోబ్రియాండ్ దీవుల్లో పుట్టిన పద్ధతి ఒక శిష్యుడి ద్వారా నల్లమల ఎక్కింది.

అది కూడా యుద్ధం పుణ్యాన. 1939లో ఆయన ఇండియాలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రు దేశస్థుడు. నిజాం రాజ్యం దాటి పోకుండా ఉండాలన్నారు. ఆయన, భార్య బెట్టీ కలిసి 1940లో కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచు పెంటల మధ్య మకాం పెట్టారు. ఇవతల గట్టు, అంటే మన కర్నూలు వైపు నల్లమల, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ. అడవి ఒకటే, ప్రభుత్వాలు రెండు.

ఆ పుస్తకంలో ఏముంది? గడ్డలు తవ్వే కర్ర ఉంది. గుండ్రటి గుడిసెలున్నాయి. ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకోవచ్చు, వేటలో వాటా ఎట్లా పంచుకుంటారు, ఇవన్నీ ఉన్నాయి. ఫోటోలు కూడా బోలెడు. ఆయన తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్ సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు సినిమా వైపు చూద్దాం. చెంచులక్ష్మి కథ ఎక్కడిది? అహోబిలానిది. మన నంద్యాల జిల్లా, 2022కి ముందు కర్నూలు జిల్లా. హిరణ్యకశిపుణ్ని చంపాక నరసింహస్వామి కోపం చల్లారలేదు. అడవిలో తిరుగుతుంటే ఒక చెంచు పిల్ల కనపడింది. ఆ పిల్ల మీద మనసు పడి పెళ్లి చేసుకున్నాడు. అంటే దేవుడు చెంచులకు అల్లుడు. ఈ కథ సినిమావాళ్లు పుట్టించింది కాదు. అహోబిల మఠం జీయరు ఒకాయన దీన్నే సంస్కృతంలో 'వాసంతికా పరిణయం' అని నాటకం రాశాడు. 'గరుడాచలం' యక్షగానం ఉంది. దాన్నే మన ఊళ్లలో చెంచు నాటకం అని ఆడేవాళ్లు.

ఇప్పటికీ కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. చెంచులు స్వామి పల్లకి మీదికి బాణాలు వేస్తారు. అది అల్లుడికి మర్యాద! అక్కణ్నించి జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు, దాదాపు నెలన్నర. ఎందుకంటే, తన పెళ్లికి రమ్మని జనాన్ని తనే పిలవడానికి. దేవుడే మన ఇంటి ముందుకొచ్చి పెళ్లి పిలుపు పిలుస్తాడప్పా! కడప పోతే దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి ముస్లింలకు అల్లుడు, బీబీ నాంచారమ్మ కారణంగా. ఉగాదికి వాళ్లు గుడికొస్తారు. శ్రీశైలం మల్లన్నను చెంచులు 'చెంచు మల్లయ్య' అంటారు. మన సీమలో పరాయివాణ్ని కలుపుకోవాలంటే అల్లుణ్ని చేసుకోవడమే పద్ధతి అన్నమాట.

ఈ కథనే 1958లో బి.ఏ. సుబ్బారావు మళ్లీ తీశాడు. అక్కినేని, అంజలీదేవి, హిరణ్యకశిపుడిగా ఎస్వీ రంగారావు, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. మీ తాతను అడగండి, పాటలు పాడి వినిపిస్తాడు. బాగున్న సినిమా, అందులో డౌటు లేదు. కానీ అందులో చెంచులు ఎట్లా ఉన్నారు? అందంగా, అమాయకంగా, పాట వస్తే గుంపుగా ఆడుతూ. తర్వాత తెలుగు సినిమాలో వచ్చిన అడవి మనుషులందరికీ అదే అచ్చు పడింది. ఈకలు, పూసలు, 'దొరా దొరా' అనే ఒక వింత యాస. చెంచుల మాతృభాష తెలుగే అని ఆ యాస విన్నవాడికి ఎప్పటికీ తెలియదు.

సినిమాకి ఎక్కనిది ఒకటి చెప్తా. కొండచరియకు పట్టిన తేనె తీయాలంటే చెంచు మనిషి తాడు కట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది ఎవరంటే బావమరిది. ఎందుకంటే చెల్లెలి బతుకు తన చేతిలో ఉంది కాబట్టి వాడు తాడు వదలడు అంటారు. నమ్మకం, చుట్టరికం, భయం అన్నీ ఆ ఒక్క తాడులో ఉన్నాయి. దీనికంటే మంచి సీన్ ఏ రైటర్ రాయగలడు చెప్పండి?

కన్నప్ప సంగతి కూడా ఇంతే. తిన్నడిది రాజంపేట దగ్గర ఊటుకూరని కడప సీమలో చెప్పుకుంటారు. బాపు 'భక్త కన్నప్ప' 1976లో వచ్చింది, గోదావరి వైపు అడవుల్లో తీశారు. 2025లో మంచు విష్ణు 'కన్నప్ప' ఎక్కువ భాగం న్యూజిలాండ్‌లో తీశారు. మన కడప వేటగాడు మెలనేసియా పక్కింటి దాకా పోయొచ్చాడు! లొకేషన్ వాళ్లిష్టం, నేను తప్పు పట్టట్లేదు. కానీ డెబ్బై ఎనభై ఏళ్లుగా అడవి మారుతోంది, హీరో మారుతున్నాడు. ఆ అడవి మనుషులు మాత్రం తెర మీదికి రావట్లేదు.

రావచ్చు అని చూపించింది మళ్లీ మెలనేసియానే. వనువాటులో తన్నా అని ఒక దీవి. 2015లో అదే పేరుతో సినిమా వచ్చింది. ఇద్దరు ఆస్ట్రేలియా డైరెక్టర్లు, బెంట్లీ డీన్, మార్టిన్ బట్లర్, యాకెల్ అనే పల్లెలో ఏడు నెలలు ఉన్నారు. కథ ఆ దీవిలో నిజంగా జరిగిన ప్రేమకథ. పెద్దలు కుదిర్చిన పెళ్లి కాదని ఇద్దరు పారిపోతారు. నటించింది ఆ ఊరివాళ్లే, మాట్లాడింది వాళ్ల భాషే. ఆ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది. అంతకుముందు 1988లోనే డెన్నిస్ ఓరూర్క్ 'కానిబల్ టూర్స్' అని తీశాడు. న్యూగినీలో సెపిక్ నది వెంబడి టూరిస్టులు కెమెరాలు పట్టుకుని పల్లెల మీద పడటం ఆ సినిమా విషయం. అందులో వింతగా కనపడేది పల్లె జనం కాదు, టూరిస్టులే.

ఇది మనకెందుకంటే, ఇప్పుడు కెమెరా సినిమావాళ్ల దగ్గరో ప్రొఫెసర్ల దగ్గరో లేదు. మీ జేబులో ఉంది. ఆత్మకూరు దాటి బైర్లూటి వైపు బైకేసుకుని పోయి, గూడెంలో దూరి, 'బట్టల్లేని పిల్లలు చూడండి ఫ్రెండ్స్' అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లు ఉన్నారు. 'చెంచుల మీద వీడియో చెయ్ బ్రో' అని నాకు వచ్చే మెసేజ్‌ల్లో సగం అలాంటివి అడిగేవే. నేను చేయను. వ్యూస్ వస్తాయని తెలుసు. నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఒకటి అలవాటైంది. యూజర్ డేటా తీసుకునే ముందు పర్మిషన్ బటన్ పెట్టాలి. మనిషి ముఖం అంతకంటే పెద్ద డేటా కదా.

చెంచులు మ్యూజియంలో బొమ్మలు కాదు. ఒకప్పుడు శ్రీశైలం యాత్రికులకు దారి చూపించి కాపలా కాసింది వాళ్లే. ఇప్పుడు నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వులో పులుల జాడ పట్టే పనిలోనూ వాళ్లున్నారు. తేనె తెచ్చి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ప్రభుత్వం 1975లోనే వాళ్లను అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల లిస్టులో పెట్టింది. పులికి జాగా కావాలని, డ్యామ్ కావాలని అడవిలోంచి జరగమన్న ప్రతిసారీ మొదట జరిగింది వాళ్లే. ఇది ఏ 'చెంచులక్ష్మి'లోనూ లేదు. హైమెండార్ఫ్ మాత్రం 1970ల చివర్లో మళ్లీ తిరిగొచ్చి చూసి, 1982లో గిరిజనుల బతుకు పోరాటం మీద ఇంకో పుస్తకం వేశాడు. అది కూడా ఇంగ్లీషులోనే. చెంచు మనిషి చదువుకోవడానికి కాదు.

కాబట్టి నేను అడిగేది ఒకటే. గూడేనికి పోతే ముందు ఫోన్ జేబులో పెట్టుకుని, పెద్దమనిషిని అడిగి, ఒప్పుకుంటేనే తీయండి. తీసింది అప్‌లోడ్ చేసేముందు వాళ్లకు చూపించండి. వద్దన్నది డిలీట్ చేయండి. ఇంకా మంచి పని ఏందంటే, ఆ గూడెంలో చదువుకున్న పిల్లోడు ఎవడన్నా సొంతంగా వీడియోలు చేస్తుంటే వాడికి ఎడిటింగ్ నేర్పించండి. నాకు లింక్ పంపండి, నా వీడియో కంటే ముందు వాడిది షేర్ చేస్తా. అల్లుడి కథ చాలాసార్లు విన్నాం. ఈసారి అత్తగారింటివాళ్లు చెప్తే వినాలని ఉంది.