జేమ్స్ ఎర్ల్ జోన్స్: గొంతు వెనుక ఉన్న రంగస్థల నటుడు

అమెరికా రంగస్థల చరిత్రలో నల్లజాతి నటుల గాథ పాత్రల కరవుతోనే మొదలవుతుంది. 19వ శతాబ్దంలో తెల్లజాతి నటులు ముఖాలకు మసి పూసుకుని నల్లవారి నడకనూ మాటనూ వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలకు ఆ దేశంలో అపారమైన ఆదరణ ఉండగా, న్యూయార్క్‌లో పుట్టిన ఐరా ఆల్‌డ్రిడ్జ్ వంటి ప్రతిభావంతుడు షేక్‌స్పియర్ నాయక పాత్రలు ధరించడానికి సముద్రం దాటి ఐరోపాకు పోవలసి వచ్చింది. 1943లో పాల్ రోబ్సన్ బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్ నగరంలోని ప్రధాన వాణిజ్య నాటకశాలల్లో, ఒథెల్లోగా నటించినప్పుడు ఆ నాటకం 296 ప్రదర్శనలు నడిచింది. అంతటి నటుడి పాస్‌పోర్టును కూడా రాజకీయ అభిప్రాయాల కారణంగా 1950లో ప్రభుత్వం రద్దు చేసింది. జేమ్స్ ఎర్ల్ జోన్స్ నటజీవితాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

జోన్స్ 1931లో మిసిసిపీ రాష్ట్రంలోని అర్కబట్లా అనే పల్లెలో జన్మించి, మిషిగన్‌లో తాతయ్య, అమ్మమ్మల వద్ద పెరిగాడు. చిన్ననాట పట్టుకున్న నత్తి వల్ల ఆయన ఏళ్ల తరబడి బడిలో దాదాపు మౌనంగానే గడిపాడనీ, కుర్రవాడు రహస్యంగా కవిత్వం రాస్తున్నాడని కనిపెట్టిన డొనాల్డ్ క్రౌచ్ అనే ఉపాధ్యాయుడు తరగతి ముందు పద్యం చదివించి ఆ మౌనాన్ని వదిలించాడనీ ఆయనే పలుమార్లు చెప్పుకున్నాడు. లయబద్ధమైన వాక్యంలో నత్తి అడ్డురాదన్న ఈ అనుభవమే ఆయనకు తొలి నటనా శిక్షణ అని చెప్పవచ్చు. తరువాతి కాలంలో ప్రతి మాటనూ తూచి, అక్షరానికి పూర్తి బరువునిచ్చి పలికిన ఆయన తీరుకు మూలం అక్కడే ఉంది.

బ్రాడ్‌వే వేదికపై ఆయన 1958లో, కోర్ట్ థియేటర్‌లో, ఒక సేవకుడి చిన్న పాత్రతో కనిపించాడు. అసలైన అవకాశాలు మాత్రం బ్రాడ్‌వే బయటనే దొరికాయి. 1961లో సెయింట్ మార్క్స్ ప్లేహౌస్‌లో మొదలైన జాన్ జెనే నాటకం ‘ది బ్లాక్స్’లో కొందరు నల్లజాతి నటులు తెల్ల ముసుగులు తగిలించుకుని పాలకులుగా నటించడంతో మిన్‌స్ట్రెల్ సంప్రదాయం తలకిందులైంది, జోన్స్‌తో పాటు సిసిలీ టైసన్, మాయా ఏంజెలో, లూయిస్ గోసెట్ జూనియర్ అందులో పాల్గొన్నారు. ఇక నిర్మాత జోసెఫ్ పాప్ న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కులో టికెట్టు లేకుండా ప్రదర్శించిన షేక్‌స్పియర్ నాటకాలు ఆయనకు విశ్వవిద్యాలయం వంటివి: 1962లో మొరాకో యువరాజు, కాలిబన్, 1964లో ఒథెల్లో, 1973లో లియర్ రాజు. మొరాకో యువరాజుగా చూసిన దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఆయనను ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ చిత్రంలోకి తీసుకోవడంతో సినిమా ప్రవేశం కూడా నాటకం ద్వారానే జరిగింది.

1967లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్‌లో మొదలై మరుసటి ఏడాది బ్రాడ్‌వే చేరిన ‘ది గ్రేట్ వైట్ హోప్’ ఆయన స్థానాన్ని స్థిరపరచింది. 1908లో హెవీవెయిట్ బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచిన తొలి నల్లజాతీయుడు జాక్ జాన్సన్ జీవితం ఆధారంగా హోవర్డ్ సాక్లర్ రాసిన ఈ నాటకం పేరు, జాన్సన్‌ను ఓడించగల తెల్ల యోధుడి కోసం నాటి క్రీడాలోకం సాగించిన వెతుకులాటను సూచిస్తుంది. తెల్లజాతి స్త్రీని ప్రేమించిన నేరానికి వేటాడబడి, దేశాలు పట్టి తిరిగే విజేత పాత్రలో జోన్స్ దర్పాన్నీ, నవ్వునూ, కుంగుబాటునూ ఒకే శరీరంలో ఇమిడ్చాడు. అమెరికా రంగస్థలంలో అత్యున్నతమైన టోనీ పురస్కారం ఆయనకు 1969లో దక్కింది. 1970 నాటి చిత్రరూపం ద్వారా ఉత్తమ నటుడి ఆస్కార్‌కు, సిడ్నీ పోయిటియే తరువాత, నామినేట్ అయిన రెండవ నల్లజాతీయుడయ్యాడు. అయినా హాలీవుడ్ ఆయనకు ఆ స్థాయి నాయక పాత్రలను తిరిగి అందించలేదు, అది ఆ పరిశ్రమ లోపమే.

టెలివిజన్‌లో 1966లోనే పగటిపూట ధారావాహికల్లో కొనసాగే పాత్ర పొందిన తొలి నల్లజాతి నటుల్లో ఆయన ఒకడు. 1991లో ‘గాబ్రియల్స్ ఫైర్’, ‘హీట్ వేవ్’ పాత్రలకు ఒకే ఏడాది రెండు ఎమీ పురస్కారాలు అందుకున్నాడు.

ప్రపంచమంతటికీ ఆయన తెలిసింది మరొక దారిలో. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో ప్రతినాయకుడు డార్త్ వేడర్ నల్లకవచం ధరించినవాడు డేవిడ్ ప్రౌజ్ కాగా, గాత్రం ఇచ్చినవాడు జోన్స్. దీనికి సుమారు 7,000 డాలర్లు పుచ్చుకున్న ఆయన, నటుడు ప్రౌజేనన్న భావంతో మొదటి రెండు చిత్రాల్లో తన పేరు వేయవద్దన్నాడు. 1994లో ‘ది లయన్ కింగ్’లో సింహరాజు ముఫాసాకు గాత్రమిచ్చి, 2019 నాటి పునర్నిర్మాణంలోనూ తానే పలికాడు; తెలుగు అనువాదంలో ఆ పాత్రకు పి. రవిశంకర్ గొంతునిచ్చాడు. డబ్బింగ్ కళాకారుల విలువ ఎరిగిన తెలుగు ప్రేక్షకులకు ఈ శ్రమ కొత్త కాదు. అయితే నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన నాలుగు విధాల అభినయంలో లోకం ఆయనకు వాచికానికి, అంటే మాటకు, మాత్రమే పట్టం కట్టింది.

మిగిలిన మూడింటికీ సాక్ష్యం 1987లో బ్రాడ్‌వేకు వచ్చిన ఆగస్ట్ విల్సన్ నాటకం ‘ఫెన్సెస్’. వర్ణవివక్ష వల్ల నల్లవారి బేస్‌బాల్ లీగులకే పరిమితమైపోయి, చివరకు పిట్స్‌బర్గ్ వీధుల్లో చెత్త ఎత్తే ట్రాయ్ మాక్సన్ తన కొడుకు ఆటకు తానే అడ్డుగోడగా మారడం ఇందులోని కథ. అన్యాయానికి గురైనవాడే ఇంట్లో అన్యాయం చేయడాన్ని జోన్స్ క్షమాపణ కోరకుండా, ద్వేషం పుట్టించకుండా చూపాడు; రెండవ టోనీ అందుకు లభించింది. 2011లో గౌరవ ఆస్కార్ స్వీకరించాక కూడా ఆయన వేదికను వదలలేదు. 2015లో, 84 ఏళ్ల వయసులో, సిసిలీ టైసన్‌తో కలిసి ‘ది జిన్ గేమ్’ ఆడాడు. 2022లో కోర్ట్ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు.

2024 సెప్టెంబరు 9న ఆయన మరణించినప్పుడు సంతాప వార్తల్లో చాలావరకు వేడర్‌తోనే మొదలయ్యాయి. ఆయనను పూర్తిగా తెలుసుకోదలచినవారు 1970 నాటి ‘ది గ్రేట్ వైట్ హోప్’ చిత్రాన్నీ, సెంట్రల్ పార్కులో చిత్రీకరించి 1974లో టెలివిజన్‌లో ప్రసారం చేసిన ‘కింగ్ లియర్’నూ తప్పక చూడాలి.