మలేషియా టెలివిజన్: చానల్ మారిన కార్యక్రమాలు

ఒక చానల్‌లో పేరు తెచ్చుకున్న కార్యక్రమం మరో చానల్‌కు తరలిపోవడం మలేషియాలో ఆలస్యంగా మొదలైంది. 1963 నుంచి 1984 దాకా అక్కడ టీవీ అంటే ప్రభుత్వ టీవీ ఒక్కటే కాబట్టి వెళ్లడానికి మరో గడప లేదు. ప్రైవేటు చానళ్లు వచ్చాక దారి తెరుచుకుంది. ఆ తర్వాత చానళ్లన్నీ ఒక గొడుగు కిందికి చేరడంతో దారి మళ్లీ ఇరుకైంది. చివరికి కార్యక్రమం హక్కుల్ని చానల్‌కు వదలకుండా తమ దగ్గరే ఉంచుకున్న యానిమేషన్ స్టూడియోలు ఈ కథను మలుపు తిప్పాయి. ఏ కార్యక్రమం ఎక్కడికి వెళ్లగలదో తేల్చేది ప్రేక్షకుల అభిమానం కాదు, హక్కుల కాగితం. మలేషియా అనుభవం దీన్ని స్పష్టంగా చూపిస్తుంది.

హక్కు ఎవరిది?

టీవీ కార్యక్రమంలో నాలుగు రకాల ఆస్తి ఉంటుంది: పేరు, ఆట నియమాలు లేదా ఫార్మాట్, పాత్రలు, ఇప్పటికే తీసిన ఎపిసోడ్లు. ఈ నాలుగూ ఒకరి చేతిలోనే ఉండాలనేం లేదు. చానల్ సొంత ఖర్చుతో తీయించుకుంటే సాధారణంగా అన్నీ చానల్‌వే. బయటి నిర్మాత తీసి ప్రసార హక్కు మాత్రమే అమ్మితే, గడువు తీరాక ఆయన మరో చానల్ తలుపు తట్టవచ్చు. విదేశీ ఫార్మాట్ అయితే లైసెన్సు ఎవరికిస్తే వాళ్లదే ఆట.

తెలుగు ప్రేక్షకులు దీన్ని కళ్లారా చూశారు. 2014లో నాగార్జునతో మా టీవీలో మొదలైన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ 2017లో చిరంజీవి సీజన్ దాకా అక్కడే నడిచింది. 2021లో జూనియర్ ఎన్టీఆర్‌తో తిరిగి వచ్చేసరికి వేదిక జెమినీ టీవీ, పేరు ‘ఎవరు మీలో కోటీశ్వరులు’. హాట్ సీటు మాత్రం అదే. అదే ఆట హిందీ రూపం ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ కూడా 2000లో స్టార్ ప్లస్‌లో పుట్టి 2010లో సోనీకి మారింది. బ్రిటన్‌లో బీబీసీ పెంచి పెద్ద చేసిన ‘ద గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’ పోటీని దాని నిర్మాణ సంస్థ 2017లో చానల్ 4కు తీసుకెళ్లింది. చానల్ కష్టపడి ప్రేక్షకుల్ని కూడగట్టినా హక్కు తనది కాకపోతే పంట మరొకరి గాదెకు చేరుతుంది.

ప్రభుత్వ టీవీ ఒక్కటే ఉన్న రోజులు

1963 డిసెంబర్ 28న ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్ కౌలాలంపూర్‌లో టెలివిజన్ మలేషియాను ప్రారంభించారు. 1969లో రేడియో, టెలివిజన్ శాఖలు కలిసి రేడియో టెలివిజన్ మలేషియా, అంటే ఆర్‌టీఎమ్, ఏర్పడింది. అదే ఏడాది నవంబర్ 17న రెండో చానల్ వచ్చింది. ఒక కార్యక్రమం మొదటి చానల్ నుంచి రెండోదానికి వెళ్లినా అది టైమ్ టేబుల్ మార్పే తప్ప యజమాని మార్పు కాదు.

ప్రేక్షకుల చేతిలో కాస్త ఎంపిక ఉన్నది దక్షిణపు కొసన. జొహోర్ బారులో యాంటెన్నా కాస్త తిప్పితే జలసంధి అవతలి సింగపూర్ చానళ్లు వచ్చేవి. కార్యక్రమం చానల్ మారే వీలు లేని కాలంలో ప్రేక్షకుడే దేశం మారకుండా దేశపు టీవీని మార్చుకున్నాడు. ఈ అలవాటు తర్వాతి కథకు అవసరమవుతుంది.

టీవీ3 రాక

1984 జూన్ 1న టీవీ3 ప్రసారాలు మొదలయ్యాయి. ఇది దేశంలో మొదటి ప్రైవేటు చానల్. ‘పి మాయ్ పి మాయ్ టాంగ్ టు’ వంటి సొంత హాస్య ధారావాహికలతో, సినీ కబుర్ల ‘మెలొడి’తో, 1986లో మొదలైన ‘అనుగెరహ్ జువారా లగు’ పాటల పోటీతో అది ఆర్‌టీఎమ్ గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టింది. ఇవి చానల్ మారలేదని గమనించాలి. వీటిని టీవీ3 తన గుర్తింపుగా పెంచుకుంది.

1995లో మెట్రోవిజన్, మెగా టీవీ వచ్చాయి. 1996లో ఆస్ట్రో ఉపగ్రహ ప్రసారాలు మొదలయ్యాయి. 1998 ఏప్రిల్ 7న ఎన్‌టీవీ7 తెర ఎత్తింది. పదేళ్ల కిందట రెండు గడపలున్న ఊళ్లో ఇప్పుడు వీధి నిండా ఇళ్లు. నిర్మాతలకు బేరమాడే బలం మొదటిసారి వచ్చింది.

ఆ బలం ఎక్కువ కాలం నిలవలేదు. మెట్రోవిజన్ 1999లో, మెగా టీవీ 2001లో మూతపడ్డాయి. 2003లో ఏర్పడ్డ మీడియా ప్రైమా చేతిలోకి టీవీ3 వచ్చింది. మెట్రోవిజన్ స్థానంలో 2004 జనవరి 8న 8టీవీ పుట్టింది. ఎన్‌టీవీ7 కూడా అదే గూటికి చేరింది. మూతపడిన మరో ప్రైవేటు చానల్, చానల్ 9, పేరు మార్చుకుని 2006 ఏప్రిల్ 22న టీవీ9గా తిరిగి వచ్చింది. నాలుగు ఉచిత చానళ్లకూ యజమాని ఒక్కరే అయ్యారు. ‘మలేషియన్ ఐడల్’ 2004లో 8టీవీతో పాటు టీవీ3లోనూ వచ్చిందంటే కారణం ఇదే. పైకి చూస్తే చానళ్ల మధ్య కార్యక్రమాలు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఒకే ఇంట్లో ఒక గదిలోని టీవీని ఇంకో గదికి మార్చడం లాంటిదది. ఉచిత చానల్‌లోనే చూపాలనుకునే నిర్మాతకు అప్పట్లో ఆర్‌టీఎమ్ కాకపోతే మీడియా ప్రైమా, ఇంతే. పోటీ తగ్గితే మొదట నష్టపోయేది చిన్న నిర్మాతే. ఈ వ్యాసకర్త దృష్టిలో మలేషియా టీవీ చరిత్రలో తగినంత చర్చ జరగని విషయం ఇది.

సరిహద్దు దాటిన కాంట్రాక్టర్

చానల్ మార్పిడికి మలేషియాలో దొరికే అత్యంత ఆసక్తికరమైన ఉదాహరణ మలేషియాలో పుట్టింది కాదు. సింగపూర్ చానల్ 5లో 1997 నుంచి 2007 దాకా నడిచిన ‘ఫువా చు కాంగ్ ప్రైవేట్ లిమిటెడ్’ ఆ దేశపు అత్యంత ప్రసిద్ధ హాస్య ధారావాహిక. గుర్మీత్ సింగ్ పోషించిన ఫువా చు కాంగ్ ఇళ్ల మరమ్మతుల కాంట్రాక్టర్. ఉంగరాల జుట్టు, బుగ్గ మీద పెద్ద పుట్టుమచ్చ, కాళ్లకు పసుపు రంగు రబ్బరు బూట్లు. తండ్రి తరఫున పంజాబీ మూలాలున్న నటుడు చైనీస్ కాంట్రాక్టర్ పాత్రలో అంతగా ఒదిగిపోవడమే ఒక విశేషం. ఆ పాత్ర మాట్లాడే వీధి ఇంగ్లిషు, అంటే సింగ్లిష్, దేశ రాజకీయాల దాకా వెళ్లింది. 1999లో ప్రధాని గోహ్ చోక్ తోంగ్ జాతీయ దినోత్సవ సభలో ఆ పాత్ర భాష గురించి ప్రస్తావించాక, కథలో ఫువా చు కాంగ్‌ను ఇంగ్లిషు తరగతులకు పంపించారు.

2007లో సింగపూర్‌లో ఆట ముగిసింది. రెండేళ్లకు, 2009లో, అదే బూట్లతో ఆయన మలేషియా ఎన్‌టీవీ7లో ప్రత్యక్షమయ్యారు. భార్య రోజీగా ఐరీన్ ఆంగ్ కూడా వెంట వచ్చారు. కంపెనీ పేరు చివర సింగపూర్ పద్ధతి తీసేసి మలేషియా పద్ధతిలో ‘సెండిరియన్ బెర్హాద్’ అని తగిలించారు. 2010లో సినిమా కూడా వచ్చింది. ధారావాహికను కొని పాత ఎపిసోడ్లు తిప్పి వేయడం కాదిది. పాత్ర కొత్త దేశంలో కొత్తగా కాపురం పెట్టింది.

ఇది ఎలా కుదిరింది? ఒక సమాధానం జొహోర్ యాంటెన్నాల్లో ఉంది. సరిహద్దు దగ్గరి మలేషియన్లు ఈ కాంట్రాక్టర్‌ను ముందే ఎరుగుదురు. రెండోది భాష. మలయ్, హొక్కియెన్, ఇంగ్లిషు కలిసిన ఆ మాటతీరు జలసంధికి రెండు వైపులా బజారులో వినబడేదే. సింగపూర్‌లో అధికారుల కనుసన్నల్లో నలిగిన ఆ యాసకు కౌలాలంపూర్‌లో ఆ ఇబ్బంది లేకపోయింది.

ఉపిన్, ఇపిన్, ఆ తర్వాత బోబోయ్‌బోయ్

2007 రంజాన్ నెలలో, సెప్టెంబర్ 14న, టీవీ9లో ఆరు చిన్న ఎపిసోడ్ల యానిమేషన్ మొదలైంది. అమ్మానాన్నలు లేని ఇద్దరు గుండు పిల్లలు, కవలలు, ఉపవాసం అంటే ఏమిటో నేర్చుకుంటారు. అక్క రోస్ గద్దిస్తుంది, అవ్వ ఓపా బుజ్జగిస్తుంది. ‘ఉపిన్ & ఇపిన్’ అలా పుట్టింది. కంపుంగ్ దురియన్ రుంతుహ్ అనే ఆ కల్పిత పల్లెలో చైనీస్ పిల్ల మెయ్ మెయ్, సిక్కు పిల్లాడు జర్జీత్, భారతీయ మూలాల రాజూ, కొట్టు నడిపే ముత్తు మామ, అందరూ కలిసే ఉంటారు. పండగ కోసం తీసిన ఆరు ఎపిసోడ్లు ఏళ్ల తరబడి సాగాయి.

దీన్ని తీసింది టీవీ9 కాదు, 2005లో ఏర్పడిన లెస్ కోపాక్ అనే చిన్న స్టూడియో. పాత్రల హక్కులు స్టూడియో దగ్గరే ఉన్నాయి. అందుకే కవలలు పుట్టిన చానల్‌కు కట్టుబడి ఉండలేదు. డిస్నీ చానల్ ఏషియాలో కనబడ్డారు. ఆస్ట్రో పిల్లల చానల్ సెరియాకూ వెళ్లారు. ఇండోనేషియాలో టీపీఐ చానల్‌లో వచ్చి అక్కడి పిల్లలకు సొంత పిల్లలైపోయారు. 2010 అక్టోబర్‌లో ఆ చానల్ పేరే ఎమ్‌ఎన్‌సీ టీవీగా మారినా కవలలు అక్కడే కొనసాగారు. జకార్తా పిల్లలు మలేషియా మలయ్ మాటలు పలకడం అప్పుడే మొదలైంది.

అసలు తరలింపు పాత్రలది కాదు, మనుషులది. ఉపిన్, ఇపిన్ సృష్టికర్తల్లో ఒకరైన నిజాం రజాక్ 2009లో సహచరులతో కలిసి బయటికి వచ్చి ఆనిమాన్‌స్టా స్టూడియోస్ స్థాపించారు. వాళ్ల యానిమేషన్ ధారావాహిక ‘బోబోయ్‌బోయ్’ 2011 మార్చి 13న టీవీ3లో మొదలైంది. మరో సృష్టికర్త ఉసామా జైద్ నేతృత్వంలో వావ్ యానిమేషన్ తీసిన ‘ఏజెన్ అలీ’ 2016 ఏప్రిల్ 8న టీవీ3లోనే వచ్చింది. ఒక చానల్‌లో పండిన చేతులు మరో చానల్‌కు కొత్త కథలిచ్చాయి. యజమాని ఒకరే కావడం వల్ల టీవీ9 నుంచి టీవీ3కి ఈ ప్రయాణం మీడియా ప్రైమాకు నష్టం కాలేదు.

బోబోయ్‌బోయ్ తండ్రి అమాటో చిన్ననాటి కథ ‘మెకామాటో’ మాత్రం 2021 డిసెంబర్‌లో టీవీ3లో కాక కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైంది. తొలి ధారావాహికకు ఉచిత చానల్ దొరికితే చాలనుకున్న స్టూడియో, పదేళ్లు తిరిగేసరికి అంతర్జాతీయ చానల్‌తో మొదటి ప్రసారానికే ఒప్పందం చేసుకుంది.

ఉచితం నుంచి చందాకు

ఆస్ట్రో రాకతో తరలింపుకు ఇంకో అర్థం వచ్చింది. హాంకాంగ్ టీవీబీ సంస్థ నాటకాలు ఆస్ట్రో వా లాయ్ తోయ్ చానల్‌కు ముఖ్య బలమయ్యాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్రమంగా చందా చానళ్ల వైపు వెళ్లింది. తమిళ ప్రేక్షకులకు ఆర్‌టీఎమ్ రెండో చానల్‌లో వచ్చే కొద్దిపాటి సమయం కన్నా ఆస్ట్రో వానవిల్, సన్ టీవీ ఎక్కువ ఇచ్చాయి, డిష్‌కు డబ్బు కట్టగలిగితేనే. కార్యక్రమం ఉచిత చానల్ నుంచి చందా చానల్‌కు వెళ్లిన ప్రతిసారీ తోటల్లో, పల్లెల్లో ఉండే కుటుంబం ఒకటి ప్రేక్షకుల జాబితాలోంచి జారిపోతుంది. ఆ లెక్క ఏ రేటింగులోనూ కనబడదు. 2012లో ఆస్ట్రో నెలసరి చందా లేని ఎన్‌జాయ్ సేవ తెచ్చాక కొంత ఊరట దొరికింది.

చానల్ పోయాక

2019 అక్టోబర్ 31తో మలేషియాలో అనలాగ్ ప్రసారాలు పూర్తిగా ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరి 17న ఎన్‌టీవీ7 విద్యాశాఖ పాఠాల చానల్ డిడిక్ టీవీ కెపిఎమ్‌గా మారింది. కోవిడ్‌లో బడులు మూతపడ్డ పిల్లలకు అది అవసరమే. కానీ ఫువా చు కాంగ్‌కు రెండో ఇల్లు ఇచ్చిన చానల్ తన పాత రూపంలో లేకుండా పోయింది.

1998లో అదే చానల్‌తో పాటు పుట్టిన ఇంగ్లిషు ధారావాహిక ‘కోపిటియమ్’ ఆ దెబ్బ తప్పించుకుంది. కాఫీ కొట్టు చుట్టూ తిరిగే ఆ హాస్యకథ వియు అనే ఓటీటీ వేదిక మీద ‘డబుల్ షాట్’ పేరుతో పాత నటులతో మళ్లీ వచ్చింది. మన ‘అమృతం’ది కూడా దాదాపు ఇదే దారి: 2001 నుంచి 2007 దాకా జెమినీలో నడిచి, 2020లో ‘అమృతం ద్వితీయం’గా జీ5లో తేలింది. మీడియా ప్రైమా 2010లోనే టోన్‌టోన్ పేరుతో సొంత ఆన్‌లైన్ వేదిక తెరిచి తన కార్యక్రమాలను అందులో పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు నిర్మాత ఒప్పందంలో రాసుకోవాల్సిన అంశాల్లో ఓటీటీ హక్కు, యూట్యూబ్ హక్కు, బొమ్మలూ స్కూలు సంచుల మీద పాత్రలు వేసుకునే హక్కు చేరాయి. లెస్ కోపాక్, ఆనిమాన్‌స్టా వంటి స్టూడియోలు యూట్యూబ్‌లో సొంత చానళ్లు నడుపుతున్నాయి.